డీట్రిక్ బుక్స్‌టెహూడె – లూబెక్ దేవాలయమున ఐదు ఆదివారముల గానము

జర్మనీ దేశపు ఉత్తర భాగమున, బాల్టిక్ సముద్రమునకు కొలది దూరమున, ట్రావె అను నది యొడ్డున లూబెక్ అను ప్రాచీన పట్టణము గలదు. ఎఱ్ఱని యిటుకలతో కట్టబడిన పరిశుద్ధ మరియ దేవాలయము ఆ పట్టణమునకు తలమానికము. దాని జంట గోపురములు సుమారు 125 మీటర్ల యెత్తు గలవి. లోపలి మధ్యశాల కప్పు 38 మీటర్లకు మించిన యెత్తున నున్నది. పదునేడవ శతాబ్దపు చివర, ప్రతి సంవత్సరమును క్రిస్మసు పండుగ సమీపించు దినములలో, ఐదు ఆదివారములు జనులు ఈ దేవాలయమునకు గుంపులుగ వచ్చుచుండిరి. వారు వచ్చినది ప్రసంగము వినుటకు గాదు. ఆ నాటి ప్రసంగము అప్పటికే ముగిసియుండెడిది. సంగీతము వినుటకే వారు వచ్చిరి. ప్రవేశమునకు రుసుము లేదు. వర్తకుడైనను, ఓడ కళాసియైనను, పనికత్తెయైనను, పాఠశాల బాలుడైనను వచ్చి వినవచ్చును.

గానము నాలుగు గంటలకు మొదలై ఐదు గంటలకు ముగియుచుండెను. మన లెక్కకు అది మధ్యాహ్నవేళయే. కాని లూబెక్‌లో డిసెంబరు మాసమున సూర్యుడు సుమారు నాలుగు గంటలకే క్రుంకును. అందుచేత ఆ సభలకు సాయంకాల గానమని పేరు కలిగెను. దాదాపు నలువది సంవత్సరములు ఈ సభలను నడిపిన మహనీయుడే డీట్రిక్ బుక్స్‌టెహూడె. పాశ్చాత్య సంగీతము నెఱిగినవారు ఆయనను గొప్ప ఆర్గను వాద్యకారుడుగ స్మరింతురు. అది నిజమే. అయినను ఆయన జీవితమునకు కేంద్రము ఆ ఐదు ఆదివారములని నాకు తోచుచున్నది. ఏలయనగా ఆర్గను వాయించుట ఆయన ఉద్యోగము; సాయంకాల గానము ఏ యధికారియు ఆయనపై మోపని భారము.

ఆయన సుమారు 1637వ సంవత్సరమున జన్మించెను. తండ్రి యోహానెస్ కూడ ఆర్గను వాద్యకారుడే. డెన్మార్కునకును స్వీడనునకును నడుమ ఓరెసుండ్ అను ఇఱుకైన జలసంధి గలదు. దాని యీవలి యొడ్డున హెల్సింగోర్, ఆవలి యొడ్డున హెల్సింగ్‌బోర్గ్ పట్టణములు ఎదురెదురుగ నున్నవి. షేక్స్పియరు కవి హామ్లెట్ నాటకమును చదివిన మన పై తరగతుల విద్యార్థులు హెల్సింగోర్ పేరు విననట్లు తలచకుందురు గాక! ఆ కవి ఎల్సినోర్ అని పిలిచినది ఈ పట్టణమునే. ఆ జలసంధిని దాటు ఓడలు డెన్మార్కు రాజునకు సుంకము చెల్లింపవలసి యుండెను. కావున బాలుడైన డీట్రిక్ సకల దేశముల ఓడలను చూచుచు, తండ్రి దేవాలయమున ఆర్గను వినుచు పెరిగెను. 1658 ప్రాంతమున హెల్సింగ్‌బోర్గ్‌లో, తన తండ్రి పూర్వము పనిచేసిన దేవాలయమునందే, ఆయనకు తొలి ఉద్యోగము దొరికెను. ఆ యేటనే యుద్ధఫలితముగ ఆ పట్టణము డెన్మార్కు చేజారి స్వీడను వశమయ్యెను. 1660లో ఆయన జలసంధి దాటి హెల్సింగోర్‌కు మరలి వచ్చి, అచట జర్మను భాష మాటలాడు సంఘము కూడు దేవాలయమున ఎనిమిదేండ్లు వాయించెను.

1667 నవంబరులో లూబెక్ దేవాలయపు వాద్యకారుడు ఫ్రాన్స్ టుండర్ మృతి నొందెను. ఆ స్థానము ఉత్తర జర్మనీలో మిక్కిలి గౌరవము గలది. 1668 ఏప్రిల్ 11వ తేదీన బుక్స్‌టెహూడె ఆ పనికి ఎన్నుకొనబడెను. జూలైలో ఆయన లూబెక్ పౌరుడయ్యెను. ఆగస్టు 3వ తేదీన టుండరు కుమార్తె అన్నా మార్గరేటాను వివాహమాడెను. క్రొత్తగ వచ్చిన వాద్యకారుడు పాత వాద్యకారుని కుమార్తెను పెండ్లాడి ఆ కుటుంబమును పోషించుట ఆ కాలపు ఆచారము. పింఛనులు లేని దినములవి. ఈ యాచారము ముందు కథలో మరల వచ్చును.

ఉద్యోగముతోపాటు ఇంకొక పనియు ఆయనకు సంక్రమించెను. దేవాలయపు జమాఖర్చులు వ్రాయుట, జీతములు పంచుట, మరమ్మతులకు వలయు సామగ్రి కొనుట మొదలగు వ్యవహారమంతయు ఆయన చేతిలోనే యుండెను. మహావాద్యకారుడు మేకులకును సున్నమునకును లెక్కలు వ్రాయుచు కూర్చుండుట మనకు వింతగ నుండవచ్చును గాని, ఆయన ఆ పనిని శ్రద్ధతో చేసెను. ఆయనను గూర్చి మనకు తెలిసిన సంగతులలో అనేకము ఆ లెక్కల పుస్తకముల వలననే తెలిసినవి.

ఆర్గను అనగా మన దేవాలయములలోని హార్మోనియము వంటిదే యని చిన్న విద్యార్థులు తలపవచ్చును. గాలిచే పలుకుటయందు మాత్రమే పోలిక. హార్మోనియమునకు ఒక చేయి తిత్తి నాడించిన చాలును. లూబెక్‌లోని పెద్ద ఆర్గను దేవాలయపు పడమటి గోడను ఆక్రమించుకొని యుండెను. దానికి చేతులతో నొక్కు మెట్లవరుసలు మూడు, పాదములతో నొక్కు మెట్లవరుస యొకటి, స్టాపులు అనబడు స్వరశ్రేణులు 52. వేలకొలది గొట్టములలోనికి గాలి నింపుటకు మనుష్యులు వెనుక నిలిచి పెద్ద తిత్తులను త్రొక్కవలెను. అదే దేవాలయమున మృత్యునాట్యమను చిత్రము గల ప్రక్కగదిలో చిన్న ఆర్గను మఱియొకటి యుండెను. పాదములతోనే ఒక గొప్ప రాగమును పలికించుటలో బుక్స్‌టెహూడెకు సాటి యప్పుడు అరుదు. అయితే పెద్ద ఆర్గను పాతబడి, దానిని బాగుచేయింపవలెనని ఆయన ఏండ్ల తరబడి అర్థించెను. 1687లో హాంబర్గు వెళ్లి ష్నిట్గర్ అను ప్రసిద్ధ శిల్పి నిర్మించిన క్రొత్త ఆర్గనును పరీక్షించి వచ్చెను. ఆ శిల్పికి లూబెక్ పని ఎన్నడును దొరకలేదు. 1704లో కొలదిపాటి మరమ్మతు మాత్రము జరిగెను. అప్పటికి వాద్యకారుడు వృద్ధుడు.

ఇక సాయంకాల గానము సంగతి. దీనికి బీజము వేసినవాడు టుండర్. వర్తకులు గురువారములందు బేరములకై కూడుకొనుటకు ముందు దేవాలయమున కొంతసేపు నిలిచియుండెడివారు. వారి ప్రొద్దుపుచ్చుటకై టుండర్ ఆర్గను వాయించెడివాడు; క్రమముగ కొందఱు గాయకులను, ఫిడేలు వాద్యకారులను చేర్చెను. వర్తకులు సంతోషించి క్రొత్త సంవత్సరమున కానుక లిచ్చుచుండిరి. అది వర్తకుల విడివేళ వినోదము మాత్రమే. బుక్స్‌టెహూడె దానిని పట్టణమంతటి సొత్తుగ మార్చెను. గురువారమును మాని ఆదివారమును ఏర్పఱచెను. త్రిత్వ కాలపు చివరి రెండు ఆదివారములును, ఆగమన కాలపు రెండవ, మూడవ, నాలుగవ ఆదివారములును సభలకు నిర్ణయింపబడెను. 1669లో, అనగా వచ్చిన మఱుసటి యేటనే, ఆర్గను ప్రక్కల రెండు క్రొత్త గాలరీలు కట్టించెను. పాతవానితో కలిసి వాటియందు సుమారు నలువదిమంది గాయకులును వాద్యకారులును నిలువవచ్చును. 1673లో ఈ సభల శోభ కొఱకై ప్రత్యేకముగ రెండు బాకాలు చేయించినట్లు లెక్కలలో నున్నది.

ఆ 1669వ సంవత్సరమును గూర్చి యొక మాట. లూబెక్ పూర్వము హన్సా యను వర్తక నగరముల కూటమికి రాణి వంటిది. ఆ కూటమి చివరి సభ లూబెక్‌లో జరిగినది ఆ 1669లోనే. పిమ్మట అది మరల కూడలేదు. ముప్పది సంవత్సరముల యుద్ధము ముగిసి ఇరువదియేండ్లు మాత్రమే కడచెను. వ్యాపారము పడమటి దేశముల రేవులకు తరలిపోవుచుండెను. సొమ్ము తఱుగుచున్న పట్టణమున, సొమ్ము పెరుగుచున్నట్టి కార్యమును బుక్స్‌టెహూడె తలకెత్తుకొనెను. ఇది సాహసమో, అమాయకత్వమో చదువరులే నిర్ణయింపవలెను.

కార్యము చిన్నది కాదు. దేవాలయమున ప్రతివారపు పాటకబృందము వేరొక అధికారి చేతిలో నుండెను. పాఠశాల బాలురు అతని యాజ్ఞకు లోబడినవారు. పట్టణపు జీతగాండ్రైన వాద్యకారులు ఏడుగురు. మిగిలిన గాయకులను, వాద్యకారులను బుక్స్‌టెహూడె తానే సమకూర్చుకొని, వారికి ప్రతిఫల మియ్యవలెను. క్రొత్త సంగీతము రచింపవలెను. ప్రతి గాయకునికి ప్రతి వ్రాయింపవలెను. శ్రోతలు చదువుకొనుటకు పాటల పుస్తకము అచ్చు వేయింపవలెను. ఈ వ్యయమంతయు ముఖ్యముగ వర్తకుల చందాలపై నాధారపడెను. సభలు ముగిసిన పిమ్మట ఆయన వర్తక సంఘములకు వినయముతో లేఖలు వ్రాసి, ఇచ్చినవానికి కృతజ్ఞత తెలిపి, తఱిగినదానిని జ్ఞాపకము చేయుచుండెను. తఱిగిన సొమ్ము కొన్ని సారులు ఆయన సంచి నుండియే పోయెను. ప్రవేశమునకు రుసుము పెట్టిన ఈ చిక్కు తీరెడిది. ఆయన పెట్టలేదు. చందాదారులకు మంచి స్థలములు మాత్రము ప్రత్యేకించెను.

1678 ఆయన జీవితమున జ్ఞాపకముంచుకొనదగిన సంవత్సరము. ఆ జనవరిలో సమీప నగరమైన హాంబర్గున జర్మనీ దేశపు మొదటి బహిరంగ సంగీత నాటకశాల తెఱువబడెను. అచట వేషములు, తెరలు, సొమ్ము పుచ్చుకొను వాకిలి గలవు. దానిని స్థాపించినవారిలో రైన్‌కెన్ అను ఆర్గను వాద్యకారుడు బుక్స్‌టెహూడెకు మిత్రుడు. వారిరువురును ఉన్నదిగ తలపబడు 1674 నాటి చిత్రపట మొకటి హాంబర్గున నేటికిని గలదు. ఆ సంవత్సరమే డిసెంబరులో, ఆగమన కాలపు రెండవ మూడవ ఆదివారములందు, లూబెక్‌లో గొఱ్ఱెపిల్ల వివాహము అను దీర్ఘ గానకృతి వినిపింపబడెను. మత్తయి సువార్తలోని పదిమంది కన్యకల ఉపమానము దాని కాధారము. వేషము లేదు, తెర లేదు. పాత్రల మాటలన్నియు గాలరీల నుండి పాటగనే వచ్చెను. మన దేశమున పురాణకాలక్షేపము దినదినము సాగినట్లు, ఒక ఆదివారము విడిచిన కథ మఱు ఆదివారము అందుకొనబడెను. తరువాతి కాలమున ఒకే కథను ఐదు ఆదివారములకును విభజించు పద్ధతి ఏర్పడెను. 1688లో తప్పిపోయిన కుమారుని కథ అట్లు పాడబడెను. రేవు పట్టణమున, ఓడలెక్కి పోయిన కుమారులు గల తలిదండ్రుల నడుమ, ఆ కథ ఎట్లు వినబడెనో ఊహింపవచ్చును.

అయినను సభలు స్వర్గసభలని తలంపరాదు. వెచ్చచేయు సాధనము లేని ఇటుక దేవాలయమున డిసెంబరు చలి యెముకలను కొఱుకును. అర్ధశతాబ్దము పిమ్మట, 1752లో, అదే దేవాలయమున సంగీతాధికారిగ నున్న రూట్స్ అను నతడు ఆ చలిని గూర్చియు, పాట సాగుచుండగా వెనుక పరుగులెత్తి అల్లరి చేయు పిల్లలను గూర్చియు వ్రాసి విసుగుకొనెను. బుక్స్‌టెహూడె కాలముననే అల్లరి నణచుటకు నగర రక్షకభటులను నిలుపవలసి వచ్చెను. రుసుము లేని వాకిలికి ఇది మూల్యము. నలువదియేండ్లు ఆ వాకిలి మూయకుండుటయే ఆయన ఓర్పునకు గుఱుతని నేనందును.

గృహమున ఆయనకు దుఃఖము తక్కువ కాలేదు. వృద్ధుడైన తండ్రి 1673లో లూబెక్ చేరి, మఱుసటి జనవరిలోనే గతించెను. తండ్రి భూస్థాపనకై ఆయన వాడిన గీతమును, స్వయముగ రచించిన విలాపగీతమును ఆ యేట అచ్చు వేయించెను. కుమార్తెలు ఏడుగురు పుట్టిరి. ముగ్గురు శైశవమున పోయిరి, నాలుగవ యామె పెరిగి పెద్దదైన పిమ్మట తండ్రి కన్నులయెదుటనే మరణించెను. మిగిలిన మువ్వురిలో పెద్దది తల్లి పేరు గల అన్నా మార్గరేటా. తన పిమ్మట వీరి గతి యేమను చింత ఆ తండ్రిని బాధించెను. అతనికి తెలిసిన మార్గ మొక్కటే: తన స్థానమునకు వచ్చువాడు తన కుమార్తెను వివాహమాడవలెను. తానును అట్లే వచ్చెను గదా!

1703 ఆగస్టులో హాంబర్గు నుండి ఇద్దఱు యువకులు బండిలో వచ్చిరి. ఒకడు మాతెసన్, వయస్సు 21; రెండవవాడు హాండెల్, వయస్సు 18. బుక్స్‌టెహూడె స్థానమునకు తగినవానిని ముందుగ వెదకుటకై మాతెసన్ పిలువబడియుండెను; అతడు మిత్రుని వెంటబెట్టుకొని వచ్చెను. ఇరువురును పట్టణములోని ఆర్గనులను దాదాపు అన్నిటిని వాయించి చూచిరి, వృద్ధుని వాద్యమును గౌరవముతో వినిరి, సత్కారములు పొందిరి. వివాహపు షరతు వినగానే వచ్చిన దారినే మరలిరి. అన్నా మార్గరేటాకు అప్పటికి 28 ఏండ్లు. ఈ కథను నవ్వుటకు చెప్పువారు గలరు. ఆ బండి పోవుచుండగా ఇంటిలో నిలిచియున్న యామెను తలచినచో నవ్వు రాదు.

రెండేండ్ల పిమ్మట ఇంకొక యువకుడు వచ్చెను. ఇతడు బండిలో రాలేదు. తూరింగియా సీమలోని ఆర్న్‌స్టాట్ నుండి సుమారు 400 కిలోమీటర్లు కాలినడకను వచ్చెను. వయస్సు 20. పేరు యోహాన్ సెబాస్టియన్ బాక్. ఆర్న్‌స్టాట్ దేవాలయమున వాయించుచు, నాలుగు వారములు సెలవు పుచ్చుకొని, దాదాపు నాలుగింతల కాలము లూబెక్‌లో నిలిచిపోయెను. అతడు రాదగిన కాలముననే వచ్చెను. 1705లో జర్మను చక్రవర్తి లియోపోల్డు మరణించి, కుమారుడు జోసెఫు సింహాసన మెక్కెను. లూబెక్ చక్రవర్తికి నేరుగ లోబడిన స్వతంత్ర నగరము గనుక బుక్స్‌టెహూడె ఆ యేట డిసెంబరు 2, 3 తేదీలలో రెండు ప్రత్యేక సభలు జరిపెను. మొదటి దినము గతించిన ప్రభువునకు శోకగానము. రెండవ దినము క్రొత్త ప్రభువునకు జయగానము. రెండవ దినమున 25 ఫిడేళ్లు ఒక్క స్వరముగ కలిసి మ్రోగెనని అచ్చు పుస్తకము వలన తెలియుచున్నది. సుమారు అరువదియెనిమిదేండ్ల వృద్ధుని జీవితములో ఇవి మహోన్నత దినములు. బాక్ అప్పుడు లూబెక్‌లోనే యుండెను.

ఇచట ఒక చిన్న సంగతి చెప్పక పోజాలను. ఆ సభలకు కొలది దినముల ముందు, 1705 నవంబరు చివర, జీగెన్‌బాల్గు, ప్లూట్షౌ అను నిద్దఱు యువ మిషనెరీలు కోపెన్‌హేగెన్‌లో ఓడ యెక్కి, బుక్స్‌టెహూడె బాల్యము గడిచిన హెల్సింగోర్ జలసంధి దారిని బయలుదేరిరి. 1706 జూలైలో వారు తరంగంబాడి చేరిరి. ఆ మిషను పక్షముననే తరువాత షుల్ట్‌జ్ దొర వచ్చి మద్రాసున తెలుగు నేర్చి, తెలుగున గ్రంథములు వ్రాసెను. మన మిషను చరిత్ర యొక్క మొదటి పుటయు, ఆ వృద్ధుని చివరి గొప్ప సభలును కొలది దినముల వ్యవధిలోనివి.

బాక్ తిరిగి ఆర్న్‌స్టాట్ చేరగా, 1706 ఫిబ్రవరి 21వ తేదీన సంఘాధికారులు అతనిని పిలిచి విచారించిరి. సెలవు మించినందుకు మాత్రమే కాదు. కీర్తనలకు ఆర్గను వాయించునప్పుడు వింత స్వరములు చేర్చి సంఘమును కలవరపెట్టుచున్నాడనియు ఆక్షేపించిరి. ఆ వింత స్వరములలో లూబెక్ పాలు కొంత యుండియుండును.

1707 మే 9వ తేదీన బుక్స్‌టెహూడె ప్రభువునందు నిద్రించెను. 16వ తేదీన ఆయన దేహము, తానింతకాలము సేవించిన దేవాలయమునందే, తండ్రికిని ముందు పోయిన నలుగురు కుమార్తెలకును చేరువగ ఉంచబడెను. ఆయనకు సహాయకుడుగ నుండిన షీఫర్‌డెకర్ అను నతడు స్థానమున నియమింపబడి, ఆ సెప్టెంబరులో అన్నా మార్గరేటాను వివాహమాడెను. ఆమెకు 32 ఏండ్లు. సాయంకాల గానమును షీఫర్‌డెకరును అతని తరువాతివారును నిలిపిరి; 1810 వరకు అది సాగెను.

ఆ ఐదు ఆదివారములకై బుక్స్‌టెహూడె రచించిన మహాకృతుల సంగీతము, ఆయనదే యని నిశ్చయముగ చెప్పదగినది, మనకు దక్కలేదు. కొన్ని పాటల పుస్తకములు మిగిలినవి, స్వరములు పోయినవి. ఎవరి కొఱకు ఆయన అంతగ శ్రమపడెనో ఆ జనులతోనే ఆ గానమును పోయినది. ఇతర గానములు నూటికి మించి దక్కుటకు కారకుడు గుస్తావ్ డ్యూబెన్ అను మిత్రుడు. అతడు స్టాక్‌హోమున స్వీడను రాజు గాయకబృందమునకు నాయకుడు. బుక్స్‌టెహూడె కృతులను ప్రీతితో సేకరించెను. 1680లో క్రీస్తు శ్రమలను గూర్చిన ఏడు గీతముల సంపుటమును బుక్స్‌టెహూడె ఇతనికే అంకితము చేసెను. డ్యూబెన్ కుమారుడు ఆ కాగితములను 1732లో ఉప్సాలా విశ్వవిద్యాలయమునకు ఇచ్చెను. అవి అచట నూటయేబది యేండ్లకు పైగా ఎవరును తలంపక పడియుండి, పందొమ్మిదవ శతాబ్దపు చివర పండితుల కంట బడెను.

1942 మార్చి 28వ తేదీ రాత్రి, మట్టల ఆదివారమునకు ముందు, విమానముల బాంబులచే లూబెక్ దగ్ధమయ్యెను. దేవాలయపు రెండు ఆర్గనులును మృత్యునాట్య చిత్రమును బూడిదయ్యెను. దక్షిణ గోపురపు గంటలు క్రిందపడి పగిలెను. దేవాలయము మరల కట్టబడినను, ఆ గంటలను పడినచోటనే పడినట్లు ఉంచిరి.

2006లో వైమార్ నగరపు గ్రంథాలయమున, వేఱు కాగితముల నడుమ, పాత వ్రాతప్రతి యొకటి బయలుపడెను. అది బుక్స్‌టెహూడె ఆర్గను కొఱకు రచించిన దీర్ఘకృతి ప్రతి. వ్రాసిన చేయి ఎవరిదో పండితులు గుర్తించిరి. పదునైదేండ్లైన నిండని బాలుడైన బాక్, లూబెక్‌కు నడచిపోవుటకు ఎన్నియో ఏండ్లు ముందే, దానిని తన చేత వ్రాసికొని యుండెను.